ఇంగ్లండ్ ఇండిపెండెంట్ స్కూల్లో పార్ట్‌టైమ్‌గా స్పానిష్, ఫ్రెంచ్ బోధన: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

ఇంగ్లండ్‌లోని ఒక ఇండిపెండెంట్ (ప్రైవేటు) స్కూల్లో స్పానిష్, ఫ్రెంచ్ రెండూ పార్ట్‌టైమ్‌గా బోధించే అవకాశం నాకు వచ్చింది. నాకు క్యూటీఎస్ (ఇంగ్లండ్‌లో ఉపాధ్యాయులకు ఇచ్చే అధికారిక గుర్తింపు) అర్హత లేకపోయినా, ఇలాంటి పాఠశాలలకు అది చట్టరీత్యా తప్పనిసరి కాదు కనుక నియామకానికి అడ్డంకి లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది బోధన. 2024 సెప్టెంబరులో మొదలైన కొత్త జీసీఎస్ఈ (దాదాపు పదహారేళ్ల వయసులో రాసే పబ్లిక్ పరీక్ష) పాఠ్యప్రణాళికలో విద్యార్థి ఇచ్చిన భాగాన్ని పైకి చదవాలి, విన్నదాన్ని డిక్టేషన్‌గా రాయాలి. హయ్యర్ స్థాయికి (పరీక్షలోని రెండు స్థాయుల్లో కఠినమైనదానికి) 1,700 పదాల జాబితా కూడా ఉంది. రెండు భాషలూ కలిపి చదివే పిల్లలు స్పానిష్ డిక్టేషన్‌లో అచ్చుల మీద ఎడమకు వాలిన ఫ్రెంచ్ గుర్తు పెట్టడం, ఫ్రెంచ్ చదివేటప్పుడు పలకకూడని చివరి హల్లులను స్పష్టంగా పలకడం ట్యూషన్లలో తరచుగా గమనించాను. ఇది అశ్రద్ధ వల్ల జరిగేది కాదని, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూపకపోవడమే కారణమని నా అభిప్రాయం. ఒకే రోజు వరుస పీరియడ్లలో రెండు భాషలూ బోధించినవారు ఈ కలగాపులగాన్ని ఎలా నివారించారు? పదజాలాన్ని జంటగా నేర్పారా, విడివిడిగానా?

ఇక ఒప్పందం సంగతి. పార్ట్‌టైమ్ ఉద్యోగులను తక్కువగా చూడకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అయినా నాకు పని లేని రోజున జరిగే తల్లిదండ్రుల సమావేశాలకు, సిబ్బంది శిక్షణకు హాజరు కావాల్సి వస్తే వేతనం విడిగా అడగవచ్చా? పాఠాల తయారీకి, పేపర్లు దిద్దడానికి పట్టే సమయాన్ని సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకున్నవారు ఉంటే, ఏ షరతులు కోరారో దయచేసి వివరంగా తెలియజేయండి.