శనివారం పిల్లల సినిమా: పనులు ఎవరెవరికి?

శైలజ (సోమవారం రాత్రి): హాలుకు మిగతా డబ్బు రేపు కట్టాలి, ఈ రాత్రికే పేర్లు చెప్పండి. ప్రొజెక్టర్, తెర రఘు. పులిహోర, సమోసాలు పద్మక్క. కుర్చీలు సర్దడానికి నలుగురు, తలుపు దగ్గర ఇద్దరు కావాలి. సినిమా 'ది స్నోమ్యాన్', 26 నిమిషాలే. మాటలుండవు, మధ్యలో ఒక్క పాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కూడా హాయిగా చూడొచ్చు.

పద్మ: పులిహోర నాది, సమోసాలు బయట చెప్పండి. చివర్లో మంచుబొమ్మ కరిగిపోతుంది కదా? నిరుడు అది చూసి మా చిన్నోడు అన్నం ముట్టలేదు.

భాస్కర్: పుస్తకంలోనూ అంతేనమ్మా. రేమండ్ బ్రిగ్స్ 1978లో ఒక్క మాట రాయకుండా బొమ్మలతోనే చెప్పాడు. క్రిస్మస్ తాత మాత్రం అందులో లేడు. 1982లో ఇక్కడి బ్రిటన్ టీవీ ఛానల్ 4 కోసం సినిమా తీసినప్పుడు కలిపారు. నన్నడిగితే ఆయన లేకపోయినా బాగుండేది. ఆ రంగు పెన్సిల్ గీతలు చూడాలంటే పెద్ద తెర ఉండాలి.

కిరణ్ (మంగళవారం): హాలువాళ్లు మెయిల్ పెట్టారు. లైసెన్స్ కాగితం గురువారం సాయంత్రంలోగా చూపించకపోతే సినిమా వేయనివ్వరట.

రఘు: డీవీడీ నేను కొన్నదే. టికెట్ కూడా పెట్టడం లేదు. ఇంకేం లైసెన్స్?

కిరణ్: డీవీడీ ఇంట్లో చూసుకోవడానికే. బయట నలుగురికీ వేస్తే, ఉచితమైనా సరే, బ్రిటన్‌లో హక్కులున్నవాళ్ల అనుమతి తీసుకోవాలి. హాలుకున్న లైసెన్స్ పాటల వరకే.

రఘు: అసలు వాళ్లకు పోస్టర్ పంపమని ఎవరన్నారు?

కిరణ్: ఫారం మీద సంతకం నాది. ఏదైనా అయితే అడిగేది నన్ను, నిన్ను కాదు.

రఘు: అయితే అన్నీ నువ్వే చూసుకో. ప్రొజెక్టర్ గ్యారేజీలో ఉంది, వచ్చి తీసుకెళ్లు.

శైలజ: ఇద్దరూ ఆపుతారా? లైసెన్స్ ఇచ్చే ఏజెన్సీకి ఫోన్ చేశాను. గురువారంలోగా కాగితం ఇస్తామని మాటివ్వలేమన్నారు. పైగా ఆ ఫీజు కడితే సమోసాలు ఉండవు.

పద్మ (బుధవారం పొద్దున): తెర ఎలాగూ కడతాం కదా, దాని వెనక పిల్లలతో తోలుబొమ్మలాట ఆడిస్తే?

భాస్కర్: భేష్! తోలు లేకపోతే ఏం, సీరియల్ డబ్బాల అట్టలు చాలు. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట బొమ్మల్లా రంగు నీడలు రావాలంటే కత్తిరించిన చోట వెలుగు దూరే పల్చటి రంగు కాగితం అంటిద్దాం.

శైలజ: కథ మంచుబొమ్మదే పెడదామా?

కిరణ్: వద్దు తల్లీ, మళ్లీ అదే గొడవ.

పద్మ: ఏడు చేపల కథ పెట్టండి. అది ఎవరిదని అడుగుతారు? రాజు, కొడుకులు, చేపలు, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ... ఎంతమంది పిల్లలొచ్చినా తలా ఒక బొమ్మ దొరుకుతుంది. చెప్పేది తాతయ్యలు.

శైలజ: చీమ కోసం ఇప్పుడే మా ఇంట్లో తగాదా మొదలైంది. 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా' అని అరవడం ఇద్దరికీ కావాలట.

పద్మ: రెండు చీమలు పెట్టు.

కిరణ్: హాలువాళ్లను అడిగాను. నీడల ఆటకు అభ్యంతరం లేదు, మంట మాత్రం ఉండకూడదన్నారు. అంటే నూనె దీపం కుదరదు.

రఘు: నా దగ్గర ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్ ఉంది. బొమ్మ బట్టకు ఆనించి పట్టుకోమనండి, వెనక్కి లాగితే నీడ పెద్దదై మసకబారుతుంది. లైటు తెర వెనక పైకి కట్టాలి, లేకపోతే పిల్లల తలలన్నీ పడతాయి.

కిరణ్: ఆరింటికి కారు తెస్తా. నిచ్చెన కూడా పడుతుందా?

రఘు: పడుతుంది. టీ తాగి వెళ్దువుగాని.

శైలజ: తెల్ల దుప్పటి ఎవరిదగ్గరుంది? పూలది వద్దు.

పద్మ: నా దగ్గరుంది. ఒక మూల పసుపు మరక మాత్రం పోలేదు.

భాస్కర్: ఆ మూల గడ్డిమోపు పెట్టేద్దాం.