పాత తీన్మార్ డీజే మిక్స్‌లు ఎవరి దగ్గరైనా మిగిలాయా?

మెమరీకార్డ్_2జీబీ:
ఇల్లు సర్దుతుంటే పాత నోకియా ఫోన్, అందులో కార్డు దొరికాయి. కంప్యూటర్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. 2009 నుంచి 2012 దాకా హైదరాబాద్‌లో మా ధూల్‌పేట వైపు బోనాలకు, నిమజ్జనాలకు మోగిన తీన్మార్ మిక్స్‌లన్నీ (పాట కింద తీన్మార్ దరువు కలిపినవి) అందులోనే ఉన్నాయి. యూట్యూబ్‌లో వెతికితే పాటలు దొరుకుతున్నాయి కానీ ఆ మిక్స్‌లు లేవు. అప్పుడు నేను ఇంటర్ తప్పి టైర్ల షాపులో పనికి పోయేవాణ్ణి. మీ దగ్గర ఉంటే పంపండి. లేకపోతే అప్పటి సంగతులైనా రాయండి.

లోడింగ్ అన్న:
ముందు ఆ కార్డు ఫార్మాట్ కొట్టకు తమ్మీ. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించు.
నేను మొబైల్ షాపులో సాంగ్స్ లోడింగ్ చేసేవాణ్ణి. జీబీకి ముప్పై రూపాయలు. "డీజే ఫోల్డర్ వెయ్యన్నా" అని వచ్చేవాళ్లు ఎవరనుకున్నారు? ఆటోవాళ్లు, సెంట్రింగ్ పోరగాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు. ప్రతి మిక్స్‌లో నిమిషానికోసారి "డీజే ఫలానా, ఫలానా బస్తీ" అని ఒక అరుపు. మంచి పాట మధ్యలో అది వస్తే ఒళ్లు మండేది. డబ్బులు మా గల్లాలో పడుతుంటే ఆ పిల్లాడికి దక్కేది ఆ అరుపొక్కటేనని చాలా ఆలస్యంగా తట్టింది.

కట్‌పేస్ట్ కింగ్:
ఆ అరుపుల్లో ఒకటి నాది. 😀
ఫ్రూటీ లూప్స్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వెర్షన్, మా మేనమామ కొడుకు కంప్యూటర్. పాట కింద దరువు అతికిస్తే అయిపోతుందని అందరూ అనుకుంటారు. పాత జానపదాలు పాడేటప్పుడు వాళ్ల ఊపును బట్టి వేగం మారుతుంది. మనం తిప్పి తిప్పి వాడే దరువు ముక్క, అదే లూప్, మాత్రం గడియారంలా పోతుంది. మొదటి చరణం కలిసే ఉంటుంది, మూడోదానికి వచ్చేసరికి పాట ఒక దారి, దెబ్బ ఒక దారి. అందుకని ఒక్కో లైను కోసి, కొంచెం సాగదీసి, మళ్లీ కూర్చోబెట్టాలి. ఒక అమ్మవారి పాటకు మూడు రాత్రులు పట్టింది.
బోనాల ఫలహారం బండి ముందు డీసీఎం వ్యాను మీద అది మొదటిసారి వేశారు. నడుమ నేను దెబ్బంతా తీసేసి గొంతు ఒక్కటే వదిలిన చోటుంది. అక్కడ పోతరాజు ఆగిపోయాడు. దెబ్బ మళ్లీ పడగానే కొరడా ఝళిపించాడు చూడండీ! నా పేరు కూడా సరిగ్గా అక్కడే పెట్టుకున్నాను. ఈలల్లో ఎవరికీ వినపడలేదు.

చిర్ర సిటికెన:
దరువు అతికించాం అంటున్నారు సరే, ఆ దరువు ఎక్కడి నుంచి తెచ్చారు? మా నాయన డప్పు కొట్టేవాడు. ఒకన్న వచ్చి, డప్పు మంటకు కాయించి, ముందు ఫోన్ పెట్టి కొట్టించుకున్నాడు. చాయ్ తాగించి పోయాడు. ఆ ఏడాది మూడు బస్తీల్లో మా నాయన దెబ్బే మోగింది, ఆయన్ని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆయనదేనని ఎట్లా తెలుసంటే, సిటికెన పుల్ల కొస చీలి ఉండేది. మూడో దెబ్బ వెనక సన్నగా గరగరమనేది. స్పీకర్ డబ్బాల్లో అది ఇంకా పెద్దగా వినపడింది.

కట్‌పేస్ట్ కింగ్:
అన్నా, ఆ వచ్చింది నేను కాదు. కానీ నేనూ ఎవరిదో ఒకరిది తీసుకున్నవాణ్ణే. ఎవరిదని ఏనాడూ అడగలేదు.

బరాత్ భాయ్:
మర్ఫా సంగతి ఎవరూ ఎత్తలేదేం? నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా ఉన్న సిద్దీల పేటే ఏసీ గార్డ్స్. బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చినవాళ్ల వారసులు. మర్ఫా డోళ్ల దరువు వీళ్లదే. బరాత్ ఏ మతం వాళ్లదైనా మర్ఫా మోగాల్సిందే. తీన్మార్ అంటే ఉర్దూలో మూడు దెబ్బలని. మీ డీజేల వల్ల మా బ్యాండుకూ బేరాలు తగ్గాయి.

మేడమీద_చూసేదాన్ని:
బోనం నెత్తిన పెట్టుకుని నడిచేది మేము, డీసీఎం ముందు ఎగిరేది మీరు. మేం కిందికి దిగితే ఇంట్లో తన్నులే. మేడ మీద వాటర్ ట్యాంకు చాటున ఐదుగురం ఆడేవాళ్లం. బేస్‌కి ట్యాంకు మూత దడదడలాడేది, దాని మీద మా అక్క చేత్తో తాళం వేసేది. ఏ మిక్స్ ఎవరు చేశారో మీకన్నా మాకే బాగా తెలుసు.

జనరేటర్ పక్కనోడు:
సౌండ్ సర్వీస్‌లో డబ్బాలు ఎక్కించి దింపేవాణ్ణి. ఎడమ చెవి సగం పోయింది. డాక్టర్ లెక్క చెప్పాడు: 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చట, 100 అయితే పావుగంటేనట. నేను చెవుల్లో దూది పెట్టుకుని రాత్రంతా ఉండేవాణ్ణి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 దాటకూడదని రూల్ ఉంది. మా డీసీఎం స్టార్ట్ అయితేనే అది దాటిపోయేది!
2024 అక్టోబర్ 1 నుంచి హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపులకు డీజే బంద్ పెట్టారు. నా కూలి పోయింది, తిట్టుకున్నాను. మా వెనకింటి ముసలాయన మాత్రం గుండె మీద చెయ్యేసుకుని నిమ్మళంగా పడుకున్నాడు. ఏది న్యాయమో నన్నడగకండి.

మెమరీకార్డ్_2జీబీ:
లోడింగ్ అన్నా, నీ మాట విన్నందుకు 37 ఫైళ్లు వచ్చాయి. పేర్లన్నీ ఎగిరిపోయి అంకెలే మిగిలాయి. ఏది ఎవరిదో ఆ అరుపులు విని రాసుకుంటున్నాను. తొమ్మిదో ఫైలు కట్‌పేస్ట్ కింగ్‌ది, ఈలలు లేవు కాబట్టి పేరు బాగానే వినపడుతోంది.

చిర్ర సిటికెన:
తమ్మీ, మూడో దెబ్బ వెనక గరగర ఉందేమో జర చూస్తావా? ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను.

మెమరీకార్డ్_2జీబీ:
పన్నెండు విన్నాను అన్నా, లేదు. ఇంకా ఇరవై ఐదున్నాయి. రాత్రి డ్యూటీ అయ్యాక వింటాను.