మేనల్లుడి రిపోర్టులో ‘ఈడబ్ల్యుఎస్‌ఆర్1’ అని ఉంది. ఇది మా అక్క వైపు నుంచి వచ్చిందా?

చిత్తూరు మేనమామ:
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. సైన్సు పదో తరగతితో సరి. మా అక్క పెద్ద కొడుక్కి 14 ఏళ్లు. వేసవి నుంచి ఎడమ తొడలో నొప్పి అంటుంటే కబడ్డీలో పడ్డాడు కదా అని ఊరుకున్నాం. రాత్రిళ్లు లేచి కూర్చోవడం మొదలయ్యాక కట్టు కట్టిద్దామని పుత్తూరు తీసుకెళ్లాం. అక్కడి పెద్దాయన వాపు మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది విరుపు కాదు నాయనా, తిరుపతి తీసుకెళ్లండి" అన్నారు. డబ్బు కూడా తీసుకోలేదు. తిరుపతిలో ఎమ్మారై, బయాప్సీ చేసి ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్ అన్నారు.

రిపోర్టు చివర ఈడబ్ల్యుఎస్‌ఆర్1 జన్యువు విడిపోయినట్లు ఫిష్ పరీక్షలో తేలిందని రాశారు. వెతికితే అది ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్ తాలూకు జన్యువట. జన్యువు అన్న మాట చెవిన పడిందే చాలు, బావగారి తల్లి "మా వంశంలో లేదు, మీ రక్తంలోదే" అంటున్నారు. అక్క అన్నం ముట్టడం లేదు. నిజంగా వంశంలోదేనా? 8 ఏళ్ల చిన్నవాడికీ పరీక్ష చేయించాలా?

తిరుపతి స్లైడు:
కాదు. చిన్నవాడికి ఆ పరీక్ష అక్కర్లేదు. ఈ మాట ముందు మీ అక్కగారికి చెప్పి, తక్కినది తరువాత చదవండి.

పాథాలజీ ల్యాబులో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఫిష్ స్లైడ్లు చూడడమే నా పని. గదిలో దీపాలార్పి కూర్చుంటాం. నల్లటి నేపథ్యంలో కణ కేంద్రకాలు నీలంగా కనిపిస్తాయి. ఆ జన్యువుకు ఒక పక్క ఎరుపు చుక్క, మరో పక్క ఆకుపచ్చ చుక్క అంటుకునేలా రంగు వేస్తాం. జన్యువు తెగకపోతే రెండూ ఆనుకుని పసుపుగా కనిపిస్తాయి. తల్లి ఇచ్చినది ఒకటి, తండ్రి ఇచ్చినది ఒకటి, మొత్తం రెండు పసుపు చుక్కలు. గడ్డ కణంలో ఒక పసుపు చుక్క అలాగే ఉంటుంది. రెండోది విడిపోయి ఎరుపు ఒక మూల, ఆకుపచ్చ ఒక మూల ఉంటాయి.

అదే స్లైడులో గడ్డ పక్కనున్న రక్తనాళపు కణాలను చూడండి. అవీ మీవాడివే. వాటిలో రెండు పసుపు చుక్కలూ చెక్కుచెదరవు. పుట్టుకతో వచ్చిన లోపమైతే అక్కడా విడిపోయి కనిపించాలి కదా! తెగడం ఆ ఎముక దగ్గర, ఏదో ఒక కణంలో, పుట్టాక జరిగింది. ఎవరి రక్తాన్నీ అనడానికి లేదు.

ఎక్కువగా ఈ జన్యువు ఉండే 22వ క్రోమోజోమూ 11వ క్రోమోజోమూ విరిగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. పుత్తూరు వెళ్లొచ్చినవారికి తప్పుగా అతుక్కోవడమంటే ఏమిటో నేను చెప్పాలా?

ఎస్వీయూ విద్యార్థి:
ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్లు కొన్ని ఎక్కువైతే క్యాన్సర్ రావచ్చు. హెచ్‌యూఆర్ అనేది కేంద్రకం దాటి బయటికొచ్చి, త్వరగా చెరిగిపోవలసిన ఆర్‌ఎన్‌ఏలను నిలబెడుతుంది. లిన్28 అయితే లెట్-7 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను తయారు కానివ్వదు. ఈయన అడిగిందీ ఇదే కోవ.

తిరుపతి స్లైడు:
నువ్వు చెప్పిన రెండూ నిజమే బాబూ, కానీ ఇది ఆ కోవ కాదు. ఇక్కడ ఎక్కువవడం కాదు, సగం పోవడం. ఈడబ్ల్యుఎస్ ప్రోటీన్లో ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే భాగం రెండో సగంలో ఉంటుంది. తెగినప్పుడు ఊడిపోయేది అదే. ఆ స్థానంలో సాధారణంగా 11వ క్రోమోజోము మీది ఎఫ్‌ఎల్‌ఐ1 అనే జన్యువు ముక్క వచ్చి చేరుతుంది, అది డీఎన్‌ఏను పట్టుకునేది. మేనమామగారి భాషలో చెప్పాలంటే, ఆర్‌ఎన్‌ఏ అనే సరుకు చీటీలు చూసుకునే గుమాస్తా చేతికి డీఎన్‌ఏ అనే మెయిన్ స్విచ్చి గదిని అప్పగించినట్లు. ఆన్ కాకూడని జన్యువులు ఎన్నో ఆన్ అవుతాయి. ఈ జన్యువును 1992లో గుర్తించారు. జబ్బును మాత్రం జేమ్స్ ఈవింగ్ 1921లోనే వర్ణించారు.

ఇంకొకటి. ఈ జన్యువు విడిపోవడం వేరే కొన్ని గడ్డల్లోనూ కనిపిస్తుంది. అందుకే ఒక్క ఫిష్‌తో పేరు పెట్టేయరు, సీడీ99 అనే ప్రోటీన్‌ను చూపే రంగు, కణాల రూపు, ఎమ్మారై అన్నీ కలిపి చూస్తారు.

శ్రీకాళహస్తి వాసి:
ఇలాంటి ప్రోటీన్ల కోసం ముందే రక్తపరీక్ష లేదా మేడమ్?

తిరుపతి స్లైడు:
ఈవింగ్‌కు లేదు. వేరే చోట ఒకటి ఉంది. ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో, హెచ్‌యూ అనే ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ల మీద ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. అవి నరాలకు తగులుతాయి. కాళ్లు మొద్దుబారాయని నరాల డాక్టరు దగ్గరికి వెళ్తే, రక్తంలో ఆ యాంటీబాడీ బయటపడి, అప్పుడు ఛాతీ స్కాన్‌లో గడ్డ దొరికిన సందర్భాలు ఉన్నాయి. పిల్లల ఎముకలకైతే రాత్రి నిద్ర లేపే నొప్పే మనకున్న హెచ్చరిక. పుత్తూరు పెద్దాయన కట్టు కట్టకుండా పంపడం ఎంత మేలు చేసిందో!

చిత్తూరు మేనమామ:
మీరు రాసింది ఇంట్లో బిగ్గరగా చదివాను. పసుపు చుక్కల దగ్గర పెద్దామె మళ్లీ చదవమన్నారు. తరువాత ఏమీ అనలేదు. సోమవారం మొదటి కీమో. తానూ బస్సులో వస్తానని, అక్క తినకపోతే దారిలో తినిపిస్తానని ఇడ్లీలకు పిండి రుబ్బిస్తున్నారు.