అమెరికాలో రాష్ట్రం మారితే కౌన్సెలర్ లైసెన్సు చెల్లకపోవడం న్యాయమేనా?

వలసపక్షి:
నేను వర్జీనియాలో లైసెన్సు తీసుకున్న మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌ని. అక్కడ ఆ కాగితం చేతికి రావాలంటే మాస్టర్స్ తర్వాత సూపర్‌వైజర్ పర్యవేక్షణలో 3,400 గంటలు పనిచేయాలి. అందులో 2,000 గంటలు క్లయింట్ల ఎదురుగా కూర్చున్నవే అయి ఉండాలి. అవన్నీ పూర్తి చేసి, పరీక్ష రాసి, ఆరేళ్లు ప్రాక్టీసు చేశాను. నిరుడు మావారి ఉద్యోగం కాలిఫోర్నియాకు మారింది. ఇక్కడ దిగిన రోజు నుంచి నేను కౌన్సెలర్‌ని కాను. మళ్లీ దరఖాస్తు, వేలిముద్రలు, యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు, ఈ రాష్ట్ర చట్టం మీద వేరే పరీక్ష.

నా సంగతి అలా ఉంచండి. క్లయింటు ఆ గంటలో ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు మనకు ఉండాలన్నది నియమం. కాలేజీ సెలవులకు పక్క రాష్ట్రంలోని ఇంటికి వెళ్లిన విద్యార్థితో ఫోనులో సెషన్ కొనసాగించినా తప్పే కావచ్చు. అలా మధ్యలో ఆపేయాల్సి వచ్చిన వారు నాకున్నారు, వివరాలు చెప్పను. తండ్రి పోయిన దుఃఖాన్ని తెలుగులోనే చెప్పుకోగలిగిన మనిషికి, తాను ఉన్న రాష్ట్రంలో తెలుగు వచ్చిన కౌన్సెలర్ దొరకకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? కారు నడిపే లైసెన్సు సరిహద్దు దాటినా చెల్లుతుంది. ఇది ఎందుకు చెల్లకూడదు?

కృష్ణాతీరం:
వలసపక్షి గారూ, మీ బాధ అర్థమవుతోంది. అయినా మీతో ఏకీభవించలేను. కారు బ్రేకు ఏ రాష్ట్రంలోనైనా ఒకేలా పనిచేస్తుంది, మీ పని అలాంటిది కాదు. ఒక క్లయింటు మీ ముందు కూర్చుని ఫలానా మనిషిని చంపుతానన్నాడనుకోండి. కాలిఫోర్నియాలో 1976 నాటి టరాసాఫ్ తీర్పు తర్వాత, ఆ ముప్పున్న మనిషిని కాపాడేందుకు తగిన ప్రయత్నం చేయడం థెరపిస్టు బాధ్యత. టెక్సాస్ సుప్రీంకోర్టు 1999లో థాపర్ కేసులో అలాంటి హెచ్చరిక బాధ్యత లేదని తేల్చింది. అక్కడి చట్టం పోలీసులకో వైద్య సిబ్బందికో చెప్పడానికి అనుమతిస్తుంది, అంతవరకే. ఒక చోటి అలవాటుతో మరో చోట నోరు మూసుకుంటే ఒక ప్రాణమో, నోరు విప్పితే ఒకరి గోప్యతో పోతుంది.

ఇంకో మాట. మా బంధువుల అమ్మాయి వేరే రాష్ట్రంలోని ఒక కౌన్సెలర్ దగ్గర ఆన్‌లైన్‌లో చాలా నష్టపోయింది. ఫిర్యాదు ఏ రాష్ట్రపు లైసెన్సు బోర్డుకు ఇవ్వాలో తెలుసుకోవడానికే మాకు నెలలు పట్టింది. తలుపు తీయమనే ముందు ఆ అమ్మాయిని కూడా తలచుకోండి.

వలసపక్షి:
ఆ అమ్మాయికి జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. మీ టరాసాఫ్ ఉదాహరణ కూడా బలమైనదే. అందుకే చట్టం మీద పరీక్ష పెట్టమనండి, సంతోషంగా రాస్తాను. నా గొడవంతా గంటల దగ్గర. టెక్సాస్ 3,000 గంటల్లో 1,500 ఎదురుగా కూర్చున్నవి చాలంటుంది. కాలిఫోర్నియా అదే 3,000లో 1,750 అడుగుతుంది. వర్జీనియాలో 2,000. ఆ 1,500కూ 2,000కూ మధ్య ఉన్న 500 గంటల్లో క్లయింటుకు దక్కే రక్షణ ఏమిటో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు.

పేర్ల గందరగోళం మరొకటి. టెక్సాస్‌లో ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) అంటే పూర్తి లైసెన్సు. ఇల్లినాయ్‌లో ఎల్‌పీసీ అంటే ఇంకొకరి పర్యవేక్షణలో పనిచేసే మొదటి మెట్టు, పూర్తి లైసెన్సును ఎల్‌సీపీసీ అంటారు. సాయం కోసం వెతుక్కునే మనిషికి ఈ అక్షరాల్లో ఏం తెలుస్తుంది?

నల్లమల:
కౌన్సెలింగ్ కాంపాక్ట్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇది రాష్ట్రాలు చట్టం చేసి చేరే ఒప్పందం, ఒక సభ్య రాష్ట్రం లైసెన్సు ఉన్నవారు మరో సభ్య రాష్ట్రంలో అనుమతి తీసుకుని పనిచేయవచ్చు. 2021లో జార్జియా, మేరీలాండ్ ముందుగా చేరాయి. 2022లో పది రాష్ట్రాలు పూర్తయ్యాక ఒప్పందం అమల్లోకి వచ్చింది. రాష్ట్రాల రికార్డులను కలిపే వ్యవస్థ సిద్ధమై, 2025 సెప్టెంబరు చివర్లో అరిజోనా, మిన్నెసోటాలతో అనుమతులివ్వడం మొదలైంది.

కృష్ణాతీరం గారి భయానికి ఇందులో జవాబుంది. సొంత రాష్ట్రం లైసెన్సు మీద రెండో రాష్ట్రంలో పనిచేసినా, క్లయింటు ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. ఆ రాష్ట్రం మీ అనుమతిని తీసేయగలదు. సొంత రాష్ట్రంలో లైసెన్సు రద్దయితే మిగతా చోట్ల అనుమతులూ పోతాయి. వలసపక్షి గారి దురదృష్టం ఏమిటంటే కాలిఫోర్నియా ఇందులో లేదు. టెక్సాస్ కూడా లేదు. నర్సుల ఒప్పందంలోనూ సైకాలజిస్టుల ఒప్పందంలోనూ ఉన్న టెక్సాస్ కౌన్సెలర్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిందో నాకు మింగుడు పడదు.

తొలకరి:
అందరూ పూర్తి లైసెన్సు ఉన్నవారి గురించే మాట్లాడుతున్నారు. నేను టెక్సాస్‌లో ఎల్‌పీసీ అసోసియేట్‌ని, అంటే ఇంకా పర్యవేక్షణలో గంటలు పూర్తి చేస్తున్నదాన్ని, 1,900 గంటలు పూర్తయ్యాయి. కాంపాక్ట్ మాలాంటి వారికి వర్తించదు. మావారిది హెచ్‌1బీ వీసా. ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఈలోగా ఏ రాష్ట్రంలో పని దొరికితే ఆ రాష్ట్రానికి సామాను సర్దుకోవాలి. నా సూపర్‌వైజర్ అర్హతలను అక్కడి బోర్డు ఒప్పుకోకపోతే ఈ గంటలు ఏమవుతాయి? రోజూ రాత్రి పడుకునే ముందు ఇదే ఆలోచన.

కృష్ణాతీరం:
తొలకరి గారూ, మీరు రాసింది చదివాక ఒక విషయంలో నా మాట మార్చుకుంటున్నాను. నిజాయతీగా, పర్యవేక్షణలో చేసిన గంటలు ఎక్కడ చేసినా గంటలే. వాటిని తిరిగి చేయించడం క్లయింటును కాపాడదు. ఫిర్యాదు విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. నాకు చట్టంలో పేరాలు అక్కర్లేదు. ఏ బోర్డుకు, ఎలా ఫిర్యాదు చేయాలో మొదటి సెషన్‌లోనే, క్లయింటుకు అర్థమయ్యే భాషలో, కౌన్సెలర్ స్వయంగా చెప్పాలి. దీనికి మీరు ఒప్పుకుంటారా?

వలసపక్షి:
ఒప్పుకుంటాను. ప్రతి సెషన్ మొదట్లో "ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు?" అని ఎలాగూ అడుగుతాను, ఆపద వస్తే సాయం ఎక్కడికి పంపాలో తెలియాలి కదా. ఫిర్యాదు బోర్డు సంగతి ఇన్నాళ్లూ సంతకం పెట్టించుకునే కాగితాల్లో ఇంగ్లిషులో ఉంచి ఊరుకున్నాను. ఈ రాత్రే ఆ పేజీ తెలుగులో రాస్తాను, ఇక్కడే పెడతాను. తప్పులుంటే మీరే దిద్దండి. తొలకరి గారూ, మీ సూపర్‌వైజర్ చేత ప్రతి నెలా గంటల పత్రం మీద సంతకం పెట్టించుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నా సూపర్‌వైజర్ ఉద్యోగ విరమణ చేసి ఊరు మారారు. ఆవిడ కోసం నేను నాలుగు నెలలు వెతికాను.