వారంటీ పోకుండా ఇంట్లో పీసీకి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నవాళ్లు ఉన్నారా? (బెజవాడ)

పటమట_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లోది బ్రాండెడ్ టవర్ డెస్క్‌టాప్, కొని పది నెలలైంది. వారంటీ మూడేళ్లు, ఇంటికొచ్చి చూస్తారు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో (ఫైళ్లు దాచే డిస్క్) ఇచ్చారు. చెల్లి ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు, నాన్న తీసే పెళ్లి వీడియోలు కలిసి సీ డ్రైవ్ ఎర్రబడిపోయింది. ఖాళీ 6 జీబీ. 1 టీబీ వేయిద్దామని గవర్నర్‌పేటలో ఒక షాపుకెళ్తే "విప్పితే వారంటీ పోద్ది, తర్వాత మమ్మల్ని అడగొద్దు" అన్నాడు. పక్క షాపతను "ఏం కాదు, వదిలేసి వెళ్లండి, అరగంటలో వేసిస్తా" అన్నాడు. ఎవర్ని నమ్మాలి? కేబినెట్ వెనక స్క్రూ మీద సగం ఎక్కి ఒక స్టిక్కర్ కూడా ఉంది.

బ్రాడీపేట_బాబాయి:
ఇద్దర్నీ నమ్మకు. పెట్టెలో వచ్చిన వారంటీ కాగితం చదువు, దాన్ని మించింది లేదు.

డెల్, హెచ్‌పీ, లెనోవో ముగ్గురూ మోడల్‌వారీగా సర్వీస్ మాన్యువల్ సైట్లో పెడతారు. ఏ స్క్రూ ముందు తీయాలో బొమ్మలతో సహా ఉంటుంది. మనం చెయ్యి పెట్టకూడదనుకుంటే అంత శ్రమ ఎందుకు పడతారు? కస్టమరే మార్చుకోగల పార్టులు ఏవో కూడా రాస్తారు. టవర్ డెస్క్‌టాప్‌లలో ర్యామ్, డిస్క్ సాధారణంగా ఆ లెక్కలోకే వస్తాయి. ఆల్ ఇన్ వన్ అయితే వేరే కథ, స్క్రీన్ ఊడదీస్తే గానీ లోపలికి దారుండదు.

అయితే రెండు మెలికలున్నాయి. నువ్వు వేసిన ఎస్‌ఎస్‌డీ పోతే పీసీ కంపెనీకి సంబంధం లేదు, ఎస్‌ఎస్‌డీ చేసినవాడినే అడగాలి. వేసేటప్పుడు మదర్‌బోర్డుకి దెబ్బ తగిలితే ఆ ఖర్చు నీదే. మిగతా పీసీ వారంటీ మిగతా పీసీదే.

పటమట_కుర్రాడు:
మరి స్టిక్కర్ సంగతి బాబాయ్?

బ్రాడీపేట_బాబాయి:
అది కంపెనీ అతికించిందా, నీకు అమ్మిన షాపువాడు అతికించాడా? ముందు అది చూడు. షాపు పేరుంటే కంపెనీ వారంటీకి దాంతో పని లేదు.

లక్ష్మీపురం_అక్క:
స్టిక్కర్ల మీద నాకు పాత కోపం ఉంది, చెప్పుకోనివ్వండి. అమెరికాలో ఇలాంటి "చింపితే వారంటీ చెల్లదు" స్టిక్కర్ల మీద 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. అది వాళ్ల 1975 నాటి వారంటీ చట్టం, మనకు వర్తించదు. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ (రిపేరు చేసుకునే హక్కు) పోర్టల్ కూడా తెరిచింది.

నా కథ: గుంటూరులోనే కొన్న ల్యాప్‌టాప్. ఎస్‌ఎస్‌డీ నేనే మార్చుకున్నాను. నాలుగు నెలలకి స్క్రీన్ మీద నిలువు గీతలు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వెనక మూత విప్పి చూసి "బయటి పార్టు వేశారు, వారంటీ రాదు" అన్నారు. ఎస్‌ఎస్‌డీకి, గీతలకి ఏంటండీ సంబంధం అంటే సమాధానం లేదు. "సరే, అదే మాట జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను. రాయలేదు! ఇంటికొచ్చి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను, వాళ్ల మాన్యువల్‌లో డిస్క్ మార్చే పేజీ జతచేసి. 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని అదీ పంపాను. తొమ్మిదో రోజున స్క్రీన్ మార్చారు. నోటిమాటకి ఎవరూ బాధ్యులు కారు, అందుకే ముందు మెయిల్ పెట్టి, జవాబు దాచుకుని, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకో తమ్ముడూ.

స్క్రూడ్రైవర్_మాస్టారు:
సర్వీసులో పన్నెండేళ్లు చేసి మానేసినవాణ్ణి. అటువైపు నుంచి కూడా వినండి.

అక్కగారు చెప్పింది నిజమే. కానీ మా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఇలా ఉండేవి: పాత డిస్క్ ఎవరికో అమ్మేసి ఉంటారు, కొత్తదానికి బిల్లు ఉండదు, స్క్రూ తలలు అరిగిపోయి ఉంటాయి. పీసీ ఆన్ కాదు. తప్పు కొత్త డిస్క్‌దో బోర్డుదో తేల్చాలంటే ఒరిజినల్ డిస్క్ పెట్టి చూడాలి కదా, అదేమో ఉండదు. అందుకని ఒరిజినల్ తీస్తే కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి, వారంటీ అయ్యేదాకా అమ్మొద్దు. కాల్ పెట్టేముందు అది తిరిగి బిగించండి. దీనివల్ల ఇంకో లాభం, మీ డేటా ఉన్న కొత్త డిస్క్ మీ దగ్గరే ఉంటుంది: వారంటీలో డిస్క్ మారిస్తే పాడైన డిస్క్ మామూలుగా కంపెనీ తీసుకెళ్లిపోతుంది, మీ పెళ్లి వీడియోలతో సహా.

నీ కేసులో అసలు ఒరిజినల్‌ని ముట్టుకోవడం దేనికి? టవర్ అంటున్నావు. ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డులోకే గుచ్చే పట్టీలాంటిది) ఉన్నచోటే ఉంటుంది, ఖాళీ బేలో (డిస్క్ పెట్టే అర) 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (వైర్లతో తగిలించే రకం) పెట్టుకో. మోడల్ నంబరుతో మాన్యువల్ వెతికి అందులో ఖాళీ సాటా పోర్టు ఉందో లేదో చూడు. సాటా వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ (ఎం.2లో వేగమైన రకం) అయితే వేలల్లో ఉంటుంది. వీడియోలు దాచుకోడానికి 550 చాలు.

ఒక జాగ్రత్త: బ్రాండెడ్ టవర్లలో చాలాచోట్ల సాటా పవర్ వైరు పవర్ సప్లై నుంచి రాదు, బోర్డు మీద చిన్న సాకెట్ నుంచి వస్తుంది. ఆ వైరు ఆ మోడల్‌దే కొను. ప్లగ్గు పట్టింది కదా అని వేరే కంపెనీది పెడితే లోపల వోల్టేజీల వరస మారి డిస్క్ కాలిపోవచ్చు.

సింగ్‌నగర్_వాసి:
ఎం.2నే మార్చాలనుకునేవాళ్లకి నా అనుభవం. క్లోనింగ్ (పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయడం) క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో చేశా, ఉచితం. సగంలో కరెంటు పోయింది. మే నెల, ఏం చెప్పమంటారు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఏడాదైందని అప్పుడే తెలిసింది. సోర్సు (మూల) డిస్క్‌ని చదవడమే కాబట్టి దానికేం కాలేదు, మళ్లీ మొదట్నుంచి చేశా. మూల డిస్క్ ఏదో, గమ్యం డిస్క్ ఏదో రెండుసార్లు చూసి నొక్కండి. తిరగబడితే ఖాళీ డిస్క్ మీ డేటా మీద కాపీ అవుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ పీసీ మునిగింది. నీళ్లకి వారంటీ లేదన్నారు, నిజమే, కాగితంలోనూ ఉంది. అటక మీద పెట్టిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉండబట్టి ఫొటోలు మిగిలాయి. అప్‌గ్రేడ్ కన్నా ముందు బ్యాకప్పే కొనండి.

కృష్ణలంక_కోడ్:
విండోస్ 11 అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మనకి తెలీకుండానే ఆన్ అయి ఉంటుంది. నేను బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగులు) ఏదో మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. రాత్రి పదకొండింటికి మా ఆవిడ ఫోన్లో నా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఒక్కో అంకె చదివి వినిపించింది, ఇప్పటికీ దెప్పుతుంది. కీ కాగితం మీద రాసుకుని మొదలెట్టండి.

అరండల్‌పేట_07:
1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోంది. షాపువాడు ముంచాడా?

స్క్రూడ్రైవర్_మాస్టారు:
ముంచలేదు. డిస్క్ కంపెనీలవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

పటమట_కుర్రాడు:
అప్‌డేట్. కంపెనీకి మెయిల్ పెట్టా, మూడో రోజు జవాబు వచ్చింది: డిస్క్ అదనంగా వేసుకోవచ్చు, వేసేటప్పుడు జరిగే నష్టానికి వారంటీ లేదు. సరిగ్గా బాబాయి చెప్పిందే. స్టిక్కర్ షాపువాడిదే, కింద వాళ్ల ఫోన్ నంబరు కూడా ఉంది. 1 టీబీ సాటా తీసుకున్నా, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించా. పవర్ వైరు మాత్రం ఆన్‌లైన్లో దొరికింది, ఐదు రోజులు పట్టింది.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్ ఇనుము ముట్టుకుని మొదలెట్టా. బిగించి ఆన్ చేస్తే డ్రైవ్ కనిపించట్లేదు!

కృష్ణలంక_కోడ్:
కంగారు పడకు. స్టార్ట్ మీద కుడి క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్. కొత్త డిస్క్‌ని జీపీటీగా ఇనిషియలైజ్ చేసి (వాడకానికి సిద్ధం చేసి), ఎన్‌టీఎఫ్‌ఎస్‌ (విండోస్ ఫైళ్ల పద్ధతి)లో ఫార్మాట్ చెయ్. సైజు చూసి చెయ్, పాతదాని మీద చేయకు.

పటమట_కుర్రాడు:
వచ్చింది! వీడియోలు డీలోకి మార్చేశా, సీలో ఇప్పుడు 140 జీబీ ఖాళీ. మూత వేద్దామని ఆపు చేసి చూస్తే, బేకి నాలుగు స్క్రూలు పెట్టాలి, మూడే ఉన్నాయి. నాలుగోది లోపల ఎక్కడో పడినట్టుంది.

స్క్రూడ్రైవర్_మాస్టారు:
మళ్లీ ఆన్ చేయకు! బోర్డు మీద ఉంటే షార్ట్ అవుద్ది. ప్లగ్గు పీకి, కేబినెట్ పక్కకి వంచి మెల్లగా ఊపు, టార్చి వేసి చూడు.

పటమట_కుర్రాడు:
ఊపాను, శబ్దం లేదు. టార్చి వేసి గంట వెతికాం. చివరికి నాన్న చెప్పుకి అతుక్కుని దొరికింది.