‘బీటలు వారింది’, ‘కుంగింది’ ఒకటేనా?

మా పత్తి చేను కింద బొగ్గు గని ఉంది. ఈ వేసవిలో చేనుకు అడ్డంగా ఒక పగులు వచ్చింది. గట్టు రెండు ముక్కలైంది, అవతలి ముక్క నాలుగు వేళ్ల లోతుకు దిగింది. అర్జీ రాయించడానికి వెళ్లి ‘నేల కుంగి పగిలింది’ అని చెప్పాను. టైపు చేసే ఆయన దాన్ని ‘నేల బీటలు వారినది’ అని మార్చారు. రెండూ ఒకటేనట, ఇదే మంచి తెలుగట. పెద్దలు చెప్పండి.

జవాబు: ఒకటి కాదండీ. దయచేసి ఆ అర్జీ అలా ఇవ్వకండి.

బీటలు వారడం, నెర్రెలు విచ్చడం ఎండ చేసే పని. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ నెర్రెలు తాబేటి చిప్ప మీది గీతల్లా అన్ని వైపులకూ అల్లుకుంటాయి, వానలు బాగా పడితే పూడుకుంటాయి. అందుకే ‘బీటలు వారిన నేల’ అని చదవగానే కళ్లముందు కరువు కదులుతుంది. తప్పంతా వాన మీదికి పోతుంది. మీ చేనుకు కష్టం వచ్చింది పైనుంచి కాదు.

గనిలో బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు నిలవడానికి కొంత బొగ్గును స్తంభాల్లా వదిలేస్తారు. చివరికి ఆ పిల్లర్లనూ తీస్తారు. ఖాళీలో ఇసుక నింపితే పైనేల చాలావరకు నిలుస్తుంది. నింపకుండా కప్పును కూలనిస్తే, ఆ కదలిక పొర తర్వాత పొరగా పైకి వస్తుంది. తవ్విన మేర నడిమి నేల పళ్లెంలా దిగుతుంది, అంచుల దగ్గర నేల సాగి తెగుతుంది. ఈ పగులు అంచు వెంబడి బారుగా పోతుంది, వాన పడితే నీళ్లు దానిలోకే దిగిపోతాయి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం కావడం దీని గుర్తు. మీ గట్టు సరిగ్గా అదే చెబుతోంది.

ఇక మాట సంగతి. కుంగు పాత రూపం ‘క్రుంగు’. కర్ణుడి రథచక్రం నేలలో కుంగింది అంటాం. అక్కడ కుంగింది చక్రం, దాన్ని పట్టుకున్నది నేల. మీ వాక్యంలో నేలే కర్త. అన్నిటినీ మోయవలసిందే కిందికి పోయింది. ఇంత బరువైన వాక్యాన్ని తీసేసి బీటలు అనడం నాకు బాధగా ఉంది.

మా నాన్నగారు గనిలో పనిచేశారు. ఇంట్లో గచ్చు పగిలినప్పుడు పగులుకు అడ్డంగా సున్నం పట్టీ వేసి, పక్కన పెన్సిలుతో తేదీ రాశారు. పదిహేను రోజులకు పట్టీ మధ్యకు తెగింది. వేలితో తడిమి చూసి ‘ఇంకా దిగుతోంది’ అన్నారు. ‘పగులుతోంది’ అనలేదు.

మరొకరు: కుంగుబాటు అంటే ఇప్పుడు మనసు జబ్బు అనుకుంటున్నారు కదా?

జవాబు: నామవాచకంతో ఆ చిక్కు కొంత ఉంది, క్రియతో లేదు. 2023లో ఉత్తరాఖండ్‌లోని కొండ పట్టణం జోషీమఠ్ గురించి పత్రికలు ‘కుంగుతోంది’ అనే రాశాయి, అందరికీ అర్థమైంది.

ఇంకొకరు: జార్ఖండ్ బొగ్గు గనుల ఊరు ధన్‌బాద్‌లో కొన్నాళ్లు ఉన్నాను, అక్కడి మాట ఒకటి చెబుతాను. బొగ్గు తీశాక గనిలో మిగిలే ఖాళీని గని భాషలో గోఫ్ అంటారు. ఆ పక్కనే ఉన్న ఝరియా ప్రాంతపు హిందీలో మాత్రం నేల ఉన్నట్టుండి కూలి పడే గుంటనే గోఫ్ అంటారు. కింది ఖాళీ పైకి వస్తే దాని పేరూ వెంట వచ్చింది. అక్కడ 1916 నుంచి భూమిలో నిప్పు ఉంది. పగుళ్లలోంచి గాలి లోపలికి పోయి ఆ నిప్పును పెంచుతుంది.

జవాబు: చాలా విలువైన మాట చెప్పారు. మనవాళ్లు గనిని ‘బాయి’ (బావి) అన్నారు, బొగ్గు బాయి. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. దిగుడు బావి తెలిసిన రైతుకు చేతికి అందిన మాట బావే. కూలిన నేలకు మాత్రం అలాంటి పొట్టి పేరు నాకు వినబడలేదు. కోల్‌బెల్టు వారెవరైనా ఇంట్లో పెద్దలను అడిగి రాస్తారా?

ప్రశ్న అడిగినవారు: అర్జీ మళ్లీ రాయించాను. ‘మా చేను కింద బొగ్గు తీసినందువల్ల నేల కుంగి, తూర్పు గట్టును చీలుస్తూ పగిలి, ఒక పక్క నాలుగు వేళ్లు దిగినది.’ రేపు గట్టు మీద సున్నం పట్టీ కూడా వేస్తాను.