నుదుటి మీద సర్పి, ముక్కు కొనన పొక్కు: కంటికి ప్రమాదమా?

ప్రశ్న
నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. మొన్నటి నుంచి ఎడమవైపు నుదురంతా ఒకటే మంట, పోట్లు. నిన్న పొద్దున నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి. ఈరోజు ముక్కు కొనన ఒకటి కనబడింది. సర్పి అని జాజు పూశారు. కన్ను కాస్త ఎరుపెక్కింది గానీ చూపు బాగానే ఉందంటున్నారు. సర్పి చుట్టూ పాకి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందంటారు, నిజమేనా? ఇంట్లో చెల్లి కడుపుతో ఉంది.

జవాబు 1 (కంటి డాక్టర్)
ముక్కు కొనకీ కంటికీ వెళ్లేది ఒకే నరం కొమ్మ. అక్కడ పొక్కు లేచిందంటే వైరస్ కంట్లోకీ దిగే అవకాశం చాలా ఎక్కువ. చూపు బాగుందని ఆగకండి, ఈరోజే కంటి డాక్టరుకు చూపించండి. రంగు చుక్క వేసి నల్లగుడ్డు మీద పుండుందేమో చూస్తారు, కంటి ప్రెజర్ కొలుస్తారు. ఏమీ లేదన్నా వారంలోపు మళ్లీ వెళ్లాలి. పొక్కులు మాడుతున్నప్పుడు కూడా లోపల వాపు మొదలవుతుంది. షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయకండి.

జాజును తడిగుడ్డతో మెల్లగా తుడిచేయండి. దాని కింద పొక్కులు చీము పట్టినా తెలియదు.

తలా తోకా మాట భయపడాల్సింది కాదండి. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరంలో దాగి, ఆ నరం వెంట ఒకవైపే లేస్తుంది. రెండోవైపుకీ ఒళ్లంతా పాకితే మాత్రం రోగనిరోధక శక్తి బాగా పడిపోయినట్టు, ఆసుపత్రిలో చేర్చాలి.

జవాబు 2 (ఫార్మసిస్ట్)
పొక్కు లేచిన 72 గంటల్లోపు మాత్రలు పడాలి. కంటి దగ్గరైతే ఆ గడువు దాటినా మొదలుపెడతారు. మామూలుగా రాసేది ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 5 సార్లు, 7 నుంచి 10 రోజులు: పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము, రోజుకు 3 సార్లు, 7 రోజులు. షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ రిపోర్ట్ చూపించండి, కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. నీళ్లు బాగా తాగించాలి, లేకుంటే మందు కిడ్నీలో స్ఫటికాలు కడుతుంది. ఎసైక్లోవిర్ క్రీము ఒక్కటే రాస్తే సర్పికి పనిచేయదు.

జవాబు 3 (గైనిక్ డాక్టర్)
చెల్లికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? వస్తే దిగులు లేదు. రాకపోతే పొక్కులు పూర్తిగా పక్కు కట్టేదాకా ఆవిడను దూరంగా ఉంచండి, తువ్వాలు, దిండు వేరు చేయండి. ఇప్పటికే దగ్గరగా మెలిగి ఉంటే ఆవిడ డాక్టరుకు ఇవాళే చెప్పండి. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే, దగ్గరగా మెలిగిన 10 రోజుల్లోపు ఇచ్చే ఇంజెక్షన్ ఉంది.

ప్రశ్న అడిగినవారు
జాజు తుడిచాక పైరెప్ప మీద కూడా రెండు పొక్కులు కనబడ్డాయండి. బయల్దేరుతున్నాం.